సమాధుల తోటలో తంగేడు

రాయవేలూరు కోటలోని సెయింట్ జాన్ చర్చి 1846 నాటిది. గుడియాత్తములోని మా చిన్న చర్చికి అంతటి చరిత్ర లేదు. వెనుక నొక సమాధుల తోట మాత్రము కలదు. దానిని చదునుచేసి సిమెంటు వేయింపవలెనని పెద్దలు తలపెట్టగా మేమును సమ్మతించితిమి. నాయనగారి సమాధిని తంగేడు కప్పివేయుట మాకు అవమానముగా తోచెను.

కొడవలి పట్టి వంగితిమి. ఆకుల నడుమ పచ్చని గొంగళిపురుగులు! లేతపసుపు వన్నె సీతాకోకచిలుకలు కొన్ని తంగేటి ఆకుపైననే గదా గ్రుడ్లు పెట్టును. పైన వేపపండ్లకై గోరువంకలు చేరియుండెను. ఉత్తర ఇథియోపియా ఉన్నత భూములలో మిగిలిన కొద్దిపాటి అడవియు చాలవరకు చర్చిల చుట్టునే నిలిచినది.

పేరు కనబడునంత మేరకే కోసి, తక్కినది విత్తు రాలువరకు విడిచితిమి. పెద్దలతో వాదము తప్పలేదు. సిమెంటు మాట ఈ యేటికి ఆగినది. ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట పిల్లలు ఆ వేపక్రింద చేరి, మైనాను తెలుగున ఏమందురని అవ్వలను అడుగుచున్నారు.