గేటు వెలుపలి వారు

ఉద్యోగానికి దరఖాస్తు చేసుకొనే యువతీయువకులు తమను గురించి దాచుకోగలిగినది దాదాపు ఏమీ ఉండదు. పుట్టిన తేదీ, చదివిన చదువు, వచ్చిన మార్కులు, ఒక్కొక్కచోట తండ్రి వృత్తితో సహా అన్నీ కాగితం మీద పెట్టవలసిందే. సంస్థ తనను గురించి చెప్పేది మాత్రం తరచుగా ఒక్క వాక్యమే: 'అర్హతలను బట్టి ఆకర్షణీయమైన జీతం'. సెలవులెన్ని, రాత్రి పని ఉన్నదా, ఉద్యోగం మానదలిస్తే ఎన్ని నెలల ముందు తెలపాలి అన్న సంగతులు చేరిన తరువాత గాని తెలియవు.

నియమాలను పదిమందికీ కనబడేట్లు పెట్టడం మన దేశానికి కొత్త కాదు. స్థాయీ ఉత్తర్వులను ఇంగ్లీషులోను, కార్మికులలో అత్యధికులకు అర్థమయ్యే భాషలోను, వారు లోనికి వచ్చే ద్వారం దగ్గర పలకల మీద ఉంచాలని 1946 నాటి చట్టమే విధించింది. అటువంటి పాత చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. ఉద్యోగులకు నియామక పత్రం ఇవ్వడాన్ని అవి తప్పనిసరి చేశాయి. అయినా పలక లోపలివారి కోసం, నియామక పత్రం ఉద్యోగం ఖాయమైనవారి కోసం. తేల్చుకోవలసిన ఘడియలో ఉన్నవాడు గేటు బయటనే నిలిచి ఉంటాడు. ప్రభుత్వ కార్యాలయాల సంగతి వేరు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం అవి తమ ఉద్యోగుల నెలజీతాలను తామే ప్రకటించాలి.

అడిగి తెలుసుకోవచ్చు గదా అని కొందరంటారు. అడగడం అంత సులభమా? 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డల విషయంలో ప్రసూతి సెలవు 26 వారాలయింది. యాభైమంది, అంతకు మించి పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. మౌఖిక పరీక్షలో ఒక యువతి, "ఇక్కడ ఆ కేంద్రం ఉన్నదా?" అని అడిగిందనుకుందాం. ఎదుట కూర్చున్నవారు పైకి ఏమీ అనరు. 'చేరకముందే సెలవుల ధ్యాస' అనుకొంటారేమోనన్న శంక ఆమె నోరు నొక్కేస్తుంది. మంచాన పడిన తల్లి ఉన్న కొడుకుకూ, చక్రాల కుర్చీలో వచ్చే అభ్యర్థికీ ఇదే సంకటం. నియమాలు సంస్థ వెబ్‌సైటులో ఉంటే వారెవరూ తమ ఇంటి గుట్టు విప్పనక్కరలేదు.

ప్రకటించినంత మాత్రాన పాటిస్తారా అన్న సందేహం న్యాయమైనదే. అయితే వెల్లడైన కాగితాన్ని నిలదీయవచ్చు. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్‌కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జరిపిన బహిరంగ విచారణలో ప్రభుత్వ పనుల మస్టరు రోళ్ళను బిగ్గరగా చదివారు. పని చేయనివారి పేర్లు అందులో ఉన్నాయని విన్న జనమే చెప్పారు. బీరువాలో ఉన్నంతకాలం ఆ పేర్లను కాదన్నవారు లేరు. సంస్థల ప్రకటనలకూ లోపల పనిచేసేవారే అటువంటి సాక్షులు.

పోటీ సంస్థలు చూసి ఎక్కువ ఇవ్వజూపుతాయన్న భయమూ ఉన్నది. ఉద్యోగికి అది నష్టం కాదు! పదిమంది పనిచేసే దుకాణానికి వెబ్‌సైటు ఉండకపోవచ్చు. వీధి తలుపుకు అంటించిన తెలుగు కాగితం చాలు. ఎవరి జీతం ఎంతో పేరు పేరునా చాటనక్కరలేదు. కావలసినవి నియమాలు.

ఆ యువతి వాటిని ముందురోజు రాత్రి ఇంట్లో చదువుకొంటే, మరునాడు ఆ గదిలో తాను చేయబోయే పనిని గురించే అడుగుతుంది.