టైటిల్స్ అయ్యేదాకా ఆగండి!

బొమ్మ అయిపోతుందనగానే చెప్పులు వెతుక్కునే రకం మనమంతా! నేనూ అంతే. కానీ ఓ సాయంత్రం గద్వాల సినిమా హాల్లో, జనం మొత్తం బయటికి పోతున్నా, మా నాయినా నేనూ కుర్చీల్లోంచి లేవలేదు. ఎందుకో చెబుతాను.

మాది మల్దకల్. తిమ్మప్ప జాతరకి వచ్చిన వాళ్లెవరైనా చూసే ఉంటారు. నాయిన గద్వాల చీరలు నేస్తాడు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ కలిపే కుట్టు దగ్గరే ఉంది పనితనమంతా. అమ్మ కండెలు చుట్టేది. నేను సినిమాలు చూసేదాన్ని!

2012 జులైలో ‘ఈగ’ వచ్చింది. అప్పుడు నేను ఇంటర్. అందరూ నానిని, సమంతని, సుదీప్‌ని చూస్తుంటే నేను ఈగనే చూశాను. ముఖంలో నవ్వూ ఏడుపూ చూపించే వీలు లేదు దానికి. తల తిప్పడం, చేతులు ఊపడం, అంతే. అయినా దానికి కోపం వస్తే మనకీ వచ్చిందా లేదా? రాజమౌళిగారి కథ సరే, దాన్ని కంప్యూటర్లో కదిలించిన మకుట సంస్థకి స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ అవార్డు వచ్చిందని పేపర్లో చదివి, ఇదే నా పని అనుకున్నాను. ఇంజనీరింగ్ అనుకుంటున్న ఇంట్లో ఎంత గొడవయిందో మీరే ఊహించుకోండి.

చివరికి హైదరాబాదులో ఉద్యోగం దొరికింది. రోటో పని. హీరో గాల్లో ఎగిరితే మీరు ఈల వేస్తారు కదా, అతని చుట్టూ గీత గీసేది మేము! సెకనుకి 24 బొమ్మలు. పది సెకన్ల షాటుంటే 240. ఒక్కోదాంట్లో జుట్టు వెంట, చొక్కా అంచు వెంట గీత గీసి వెనకున్న దృశ్యం నుంచి మనిషిని విడదీయాలి. 1957లో ‘మాయాబజార్’కి మార్కస్ బార్ట్‌లేగారు కంప్యూటర్ అనే మాటే వినపడని రోజుల్లో కెమెరాతో మాయలు చేశారు. 2010లో అదే సినిమాకి కంప్యూటర్ మీద రంగులద్దారు. (నాకు మాత్రం ఆ తెలుపూ నలుపూ వెన్నెలే ఇష్టం. కావాలంటే పోట్లాడండి.)

నేను పనిచేసిన ఒక పెద్ద సినిమా విడుదలైంది. ‘తెర మీద నా పేరొస్తది నాయినా’ అని చెప్పి తీసుకెళ్లాను. అక్షరాలు పైకి పోతున్నాయి. మా కంపెనీ పేరొచ్చింది. మనుషుల పేర్లు రాలేదు. అంతలో ఆపరేటర్ బొమ్మ ఆపేశాడు.

“నీ పేరు యాడొచ్చెనే బిడ్డా?”

“వచ్చేలోపలే ఆపేసిండు నాయినా” అన్నాను.

అబద్ధం. పేర్లు వెయ్యరని నాకు ముందే తెలుసు. ఆ అబద్ధం రెండేళ్లు నాతోనే ఉంది.

2020లో లాక్‌డౌన్‌కి ఊరొచ్చాను. వీధి పిల్లలు చేరి, ‘అక్కా, ఈగని ఎట్ల ఎగిరిస్తరు?’ అని ప్రాణం తీశారు. సరే, పలక మీద సుద్దతో బొమ్మ గీయండి, ఫోన్లో ఫోటో తీయండి, కొంచెం చెరిపి జరిపి మళ్లీ గీయండి అన్నాను. సెకనుకి పన్నెండు ఫోటోలు చాలు. బొమ్మలైతే కదిలాయి గానీ, పిక్సెల్ అంటే ఏమిటో చెప్పలేక చచ్చాను.

మగ్గం గుంతలోంచి నాయిన గళ్ల కాగితం అందించాడు. “గడికొక దారం. ఈ గడి నిండితే జరీ, ఖాళీ అయితే లేదు. అంతే గద?” అన్నాడు. అంతే! ఆ గళ్లే జకార్డ్ అట్టల మీద చిల్లులవుతాయి. 1804 నాటి జకార్డ్ మగ్గం చిల్లుల అట్టల ఆలోచననే తర్వాత ఇంగ్లండులో బాబేజ్ తన లెక్కల యంత్రానికి తీసుకున్నాడు. నేను హైదరాబాదు వెళ్లి ఫీజు కట్టి నేర్చుకున్నదాని తాతముత్తాత మా ఇంట్లోనే టకటకమంటోంది!

ఆ రాత్రి నాయినకి నిజం చెప్పేశాను. పేరు రాలేదని, రాదని ముందే తెలుసని. కాసేపు నాడె ఆగింది. “నేను నేసిన చీర మీద నా పేరుంటదా?” అన్నాడు. కోపమో, ఊరడింపో ఇప్పటికీ తెలియదు. మళ్లీ అడిగే ధైర్యం చెయ్యలేదు.

పిల్లల సినిమా ఆరు సెకన్లు. చీర కొంగు మీది హంస లేచి పక్క గళ్లోకి నడుస్తుంది. 72 ఫోటోలు. టైటిల్స్ మాత్రం సినిమాకంటే పొడుగు! ఫోటో తీసినవాడు, చెరిపినవాడు, సుద్ద తెచ్చినవాడు, అందరి పేర్లూ వేశాం. చివర్లో ‘గళ్ల కాగితం’ అని నాయిన పేరు.

గోడకి తెల్ల పంచె కట్టి వేశాం. ఎవ్వరూ లేవలేదు. పేరు రాగానే నాయిన ముందుకి వంగి చూశాడు.

“ఇంటిపేరు తప్పు రాసిన్రు గదనే!”

నిజమే, దీర్ఘం ఎగిరిపోయింది. మర్నాడు పొద్దున్నే పలక కడుక్కుని ఆ ఇరవై నాలుగు ఫోటోలూ మళ్లీ తీశాం.