వడపోత

యూజ్‌నెట్ చర్చలు చదువుకోవడానికి ఏ ఉపకరణం మేలని ఇటీవల ఒక మిత్రుడు అడిగారు. 2024 ఫిబ్రవరి 22తో గూగుల్ గ్రూప్స్‌లోకి కొత్త యూజ్‌నెట్ జాబులు రావడం ఆగిపోయింది. పాతవాటిని అక్కడ వెతుక్కోవచ్చు గాని, కొత్తవి చదవాలంటే వేరే సర్వరూ, ఒక న్యూస్‌రీడరూ సమకూర్చుకోవలసిందే.

ఈమెయిలుకు అలవాటుపడినవారికి థండర్‌బర్డ్ సుళువు. మీటలతోనే పని నడిపించేవారికి ఎస్సెల్లారెన్ హాయి. కాని నా టెర్మినల్‌లో తెలుగు ఒత్తులు అక్షరాన్ని వదలి పక్కకు జరుగుతాయి. సాక్-కల్చర్-ఇండియన్-తెలుగు గుంపు నాళ్ళలో ఆ చిక్కు లేదు. అప్పుడు మనమంతా ఆర్.టి.ఎస్. పద్ధతిలో తెలుగును రోమన్ లిపిలో రాసుకునేవాళ్ళం. దీర్ఘాలకూ, టవర్గానికీ పెద్దబడి అక్షరాలు వాడితే చాలు, ఏ తెరమీదనైనా చదువుకోవచ్చు.

ఆ రోజుల్లో నేను వాడినది టిన్. అందులో నాకు మిక్కిలి నచ్చినది వడపోత. గుంపులో ఒక పెద్దమనిషి ఉండేవారు. ఎవరు ఏమి రాసినా తప్పు పట్టేవారు. 1996లో ఒకనాడు నా పద్యాన్ని ఆయన ఎగతాళి చేశారు. ఒక్క మీట నొక్కి, ఆయన జాబులేవీ ఇక కనబడకుండా చేశాను. ప్రాణం కుదుటపడింది.

కొన్ని నెలల తరువాత, ప్రాసయతి ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అని గుంపులో అడిగాను. ఎవరూ పలకలేదు. ఛందస్సు ఇక్కడెవరికీ పట్టదనుకొని రాయడమే మానుకున్నాను.

డెజా సంస్థ భద్రపరచిన పాత జాబులను 2001లో గూగుల్ తీసుకున్నది. ఆ తరువాత ఒకసారి నా పేరు వెతుక్కుంటూ ఆ ప్రశ్న దగ్గరకు వచ్చాను. దాని కింద ఒక జవాబున్నది. ఆయనదే. సీసం, ఆటవెలది, తేటగీతులలో ప్రాసయతి చెల్లుతుందనీ, ప్రాసనియమమున్న వృత్తాలలోనూ కందంలోనూ చెల్లదనీ, ఎందుకు చెల్లదో కూడా ఓపికగా వివరించారు. చివర, నా పద్యం గురించి తొందరపడి మాట్లాడానని ఒక వాక్యం. వారం తరువాత మరొక జాబు: "అందినదా?" అని.

ఆ చిరునామాకు రాశాను. జాబు తిరిగివచ్చింది.

అందుచేత మిత్రునికి పాన్ సూచించాను. తెలుగు అక్షరాలు చక్కగా కనబడతాయన్నది ఒక కారణం. ఒకరి జాబులను దాచేటప్పుడు ఆ నియమం నెల రోజులకా, ఆరు నెలలకా, శాశ్వతంగానా అని అది అడుగుతుందన్నది రెండవది. దాచవద్దని నేను చెప్పలేదు. కయ్యాలమారులు ఎక్కడైనా ఉంటారు. నెల రోజులు చాలునని మాత్రం చెప్పాను. ఎందుకని ఆయన అడిగారు. ఈ నాలుగు మాటలూ ఆయనకోసమే రాశాను.