రాగిపువ్వు

మైలుతుత్తము పేరు విననివారు మనలో నరుదు. తమలపాకుతోటలవారును, ద్రాక్షతోటలవారును దీనిని సున్నపునీటితో గలిపి తీగెలపై జల్లుదురు. తెగుళ్లనుండి కాపాడు నీ మిశ్రమమును ఫ్రాన్సు దేశపు పండితుడు మిల్లార్డె 1885వ సంవత్సరమున వెల్లడించెను. అంగడిలో దొరకు తుత్తము కర్మాగారములలో చేయబడినది. భూమి తనంతట తాను చేయు తుత్తమును గలదు. అది మాత్రము బహు దుర్లభము.

దానిని ఖనిజశాస్త్రజ్ఞులు చాల్కంతైటు అందురు. జర్మను పండితుడు ఫాన్ కోబెల్ 1853లో పెట్టిన యీ పేరునకు గ్రీకుభాషలో ‘రాగిపువ్వు’ అని యర్థము. మన పూర్వులు దాని వన్నెలో నెమలికంఠమును జూచి మయూరతుత్థ మనిరి.

రాగియు, ఇనుమును, గంధకమును గలిసిన రాళ్లకు గాలియు నీరును సోకినపుడు గంధక మామ్లముగా మారి రాగిని గరగించును. ఆ నీలిజలము గనుల గోడలపై నూరి, తడి యారగా స్ఫటికములై నిలుచును. నీట పుట్టినది నీటనే నశించును. ఒక్క వానకు కరగిపోవును. అందుచేతనే వాన యెరుగని చిలీదేశపు అటకామా యెడారిలో, చుకికమాట గనియొద్ద, అది బయట నిలువగలిగినది. దాని తూకమున నూటికి 25 పాళ్లు రాగి, 36 పాళ్లు నీరు. కాచి యా నీటిని బోగొట్టిన నీలిమ మాసి తెల్లని పొడి యగును. మరల నీటిచుక్క వేసిన నీలిమ తిరిగి వచ్చును.

గడచిన యేడు మా యింట దీనినిగూర్చి యొక వాదము పుట్టెను. మా తోటికోడలి కొమార్తె పండ్రెండేండ్లది. పాఠశాలలో తుత్తపు స్ఫటికమును పెంచుట చూచివచ్చి, ఇంటను పెంచెదనని పట్టుబట్టెను. మా అత్తగారు, “అది విషమమ్మా! ఇంట రెండేండ్ల పసివాడున్నాడు. నీలి కలకండ అనుకొని నోట పెట్టుకుంటే ఏమి గతి?” అని యడ్డుచెప్పిరి. పిల్ల కన్నీరు పెట్టుకొనెను. ఇరువురి మాటయు న్యాయమే. భయముచేత నాడుపిల్ల చదువు నాపుటకు మాకు మనసొప్పలేదు. పసివాని ప్రాణముతో నాటలాడుటయు తగదు.

కడకు మేమే దగ్గర గూర్చుండుటకు నిశ్చయించితిమి. పెరటి గదిలో, వంటకు వాడని గాజుపాత్రలో, చేతులకు తొడుగులు వేయించి పని సాగించితిమి. తక్కిన వేళల గదికి తాళము. కొన్నాళ్లకు స్ఫటికము గోరంత పెరిగినది. మిగిలిన నీటిలో పిల్ల యినుపమేకు ముంచగా, కొంతసేపటికే దానిపై ఎఱ్ఱని రాగిపూత పట్టెను. ఇనుము నీటిలోనికి కరగుచు, నీటిలోని రాగిని వెలికి ద్రోయును.

వాకిట నిలిచి చూచుచున్న అత్తగారు ఆశ్చర్యపడి, “ఇంత రాగీ ఆ నీళ్లలోనే ఉన్నదా?” అనిరి.

“అవును నాయనమ్మా, పులుపులో కూడా రాగి అట్లాగే కరుగుతుంది” అని పిల్ల చెప్పెను.

“అందుకే కాబోలు, కళాయిలేని రాగిగిన్నెలో పులుసు కాచవద్దని మా అత్తగారు చెప్పేది! కారణము నా కిన్నాళ్లకు తెలిసింది” అనిరి. మిగిలిన నీటిని కాలువలో బోయక, పదిలముగా పాఠశాల యుపాధ్యాయినికి అప్పగించితిమి. నీటిలోని ప్రాణులకును అది విషమే.

తుత్తము నింట నుంచువారు మూతబిగించి, పేరు వ్రాసి, తాళము క్రింద నుంచవలెను. పొరపాటున నెవరైన మ్రింగినచో వాంతి చేయింపబూనక తక్షణమే వైద్యశాలకు గొనిపోవలెను. పిల్లలు విషమును జూచి దూరముగా నుండుట మంచిదే. అది యేల విషమో తెలిసి దూరముగా నుండుట మరింత మంచిది. ఆ తెలివి నిచ్చుట తల్లులమగు మన పని.