ఆవపల్లిలో నడక

వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వంచాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. సెలవుల్లోనూ ఆ నియమం తప్పకూడదనుకునే నగరవాసిని ఛత్తీస్‌గఢ్‌లోని ఆవపల్లి ఊరిస్తుంది. బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న ఈ ఊరి నుంచి ఉసూరు వైపు వెళితే నంబి జలపాతం, బాసగూడ వైపు వెళితే తాలిపేరు నది. చర్ల ప్రాంతం మీదుగా గోదావరిలో కలిసే తాలిపేరు ఇదే.

అయితే ఇక్కడ నడక వ్యాయామం కాదు, బతుకు. సంతకైనా, ఇప్పపూల కోసమైనా ఆదివాసీలకు కాళ్లే బండి. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఆ నడకే ప్రాణాల మీదికొచ్చింది. ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. వేలమంది అడవి దారుల్లో నడిచి అప్పటి ఖమ్మం జిల్లాకు వలసపోయారు. ఆదివాసీ యువకులను ఎస్పీవోలుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా భయం పోలేదు. భద్రతా దళాల కోసం మావోయిస్టులు పాతిన మందుపాతరలు అడవికి వెళ్లిన గ్రామస్థులనూ బలిగొన్నాయి.

అందుకే షూ లేసులు బిగించే ముందు పర్యాటకుడు స్థానికులను వాకబు చేయాలి, వాళ్ల తోడు లేనిదే రోడ్డు దిగకూడదు. ఏ బాట క్షేమమో చెప్పగలిగేది ఆ బాటన రోజూ నడిచేవాళ్లే. వాళ్లు నిర్భయంగా నడిచిన చోటే మన సరదా నడకకూ తావు.