ముఖములను కప్పని ముద్ర

క్రొత్త రూపాయల నోటును వెలుతురునకు ఎదురుగా పట్టి చూడుడు. తెల్లగా విడిచిన భాగమున గాంధీ మహాత్ముని ముఖము మెల్లగా తోచును. బల్లమీద పరచినపుడు అది అంతగా కనబడదు. నోటుపై అక్షరములను చదువుటకు అడ్డురాదు. అయినను అక్కడనే ఉండును. దీనినే నీటిగుర్తు అందురు. కాగితము ఒకచోట పలుచగను, మరియొకచోట దట్టముగను ఉండుటచే ఈ రూపము ఏర్పడుచున్నది. 13వ శతాబ్దమున ఇటలీ దేశములోని ఫాబ్రియానో పట్టణపు కాగితపు పనివారు తమ సరకు తమదని తెలుపుటకై ఇట్టి గుర్తులను వాడిరి. నేడు ఛాయాచిత్రములపై పలుచగా వేయు ముద్రకును ఆ పేరే నిలిచినది.

మా పాఠశాలకు అట్టి ముద్ర ఏల కావలసివచ్చెనో చెప్పెదను. మా హోసూరు ప్రాంతమున తెలుగు, తమిళము, కన్నడము మూడును ఒకే వీథిలో వినబడును. గత వార్షికోత్సవమున మా బాలికలు ఆడిన కోలాటపు చిత్రము చేతిఫోనులలో ఊరూర తిరిగి, తుదకు వేరొక ఊరి వేడుకగా ఒకచోట వెలువడెను. అది చూచిన ఒక తల్లి నాకడకు వచ్చి, “మా పాప ఆడింది మన బడిలోనే కదా సారూ! మరి బడి పేరేమయింది?” అని అడిగినది. తెలుగునాట ఒక బడి చిత్రమునకు పేరు లేకున్నను పెద్ద లోటు కాకపోవచ్చును. ఎల్లకు ఈవల నున్న తెలుగు బడికి పేరు పోయినచో, అట్టి బడి యొకటి ఉన్నదన్న మాటయే పోవును. ఆ తల్లి ప్రశ్నయే మా పనికి మొదలు.

మా చిహ్నమును ఏనాడో ఒక చిత్రలేఖనోపాధ్యాయులు నల్లసిరాతో దళసరి కాగితముపై గీసిరి. కొండ, కొండపై దీపము, దిగువ వంపుగా తెలుగు అక్షరములలో పాఠశాల పేరు. కాగితము పసుపువారినది గాని గీత చెక్కుచెదరలేదు. పదవ తరగతి విద్యార్థులు కొందరు దానిని అంగుళమునకు 600 బిందువుల చొప్పున స్కాను చేసి, గింప్ అను ఉచిత సాఫ్ట్‌వేరునందు తెరచిరి. మొదట కాగితపు పసుపును తెలుపునకును, సిరాను నిండు నలుపునకును దిద్దిరి. పిమ్మట తెలుపునంతటిని పారదర్శకముగా మార్చిరి. తెల్లని భాగమును రబ్బరుతో చెరిపినట్లు తీసివేసినచో గీతల అంచులు రంపపు పండ్లవలె మిగులును. రంగును పారదర్శకతగా మార్చు ‘కలర్ టు ఆల్ఫా’ పద్ధతిచే అంచులు మెత్తగా నిలుచును. ఇట్లు సిద్ధమైన చిహ్నమును పీఎన్‌జీ రూపమున భద్రపరుపవలెను. జేపెగ్ రూపము పారదర్శకతను నిలుపుకొనజాలదు. అందు దాచినచో చిహ్నము వెనుక మరల ఒక పలక కమ్మును.

అసలు చిక్కు అటుపిమ్మట వచ్చినది. ఛాయాచిత్రపు మూలలో ఇముడునట్లు చిహ్నమును కుదింపగా కొండయు దీపమును చక్కగనే నిలిచినవి. అక్షరములు మాత్రము నిలువలేదు. తలకట్లు సన్నగిల్లినవి, వత్తులు ముద్దకట్టినవి. ‘ఠ’ కడుపులోని చుక్క మాయమగుటచే ‘పాఠశాల’ కాస్త ‘పారశాల’ అయినది! “ఇంగ్లీషులో మూడు పొడియక్షరములు వేసినచో ఎంత చిన్నదైనను తెలియును గదా” అని ఒకరు సూచించిరి. అది సులువైన త్రోవయే. కాని తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, “చుక్క పోయిందని అక్షరాన్నే తీసేస్తామా సార్? చుక్కను పెద్దది చేస్తే సరిపోదా?” అనినది. మేమందరము ఒక నిమిషము మిన్నకుంటిమి.

ఆమెయే వెడల్పు పాళీ కలము పట్టి పేరును మాత్రము తిరిగి వ్రాసినది. అక్షరముల నడుమ ఎడము పెంచినది. తలకట్టును దళసరి చేసినది. వత్తులను కొంచెము దిగువకు దించినది. ‘ఠ’లోని చుక్కను మిరియపుగింజయంత చేసినది. కాగితముపై ఆ వ్రాత కొంత మోటుగా తోచినను, కుదించినపుడు ప్రతి అక్షరమును పలికినది. పాత కొండకును దీపమునకును క్రొత్త అక్షరములు అట్లు తోడైనవి.

ఇక ముద్ర ఎంత పలుచగా ఉండవలెను? ఇది గణితమే. కంప్యూటరు చిత్రమున ప్రతి బిందువు వెలుగునకును ఒక సంఖ్య ఉండును: నలుపు 0, తెలుపు 255. మేము చిహ్నమును తెల్లగా మార్చి, దాని దట్టమును నూటికి 30 పాళ్లుగా ఉంచితిమి. చిత్రమందలి బిందువు 105 అనుకొనుడు. 255లో 30 పాళ్లు 76.5, 105లో తక్కిన 70 పాళ్లు 73.5, మొత్తము 150. ముద్ర కనబడును, వెనుకనున్నదియు కనబడును. అదే ముద్ర తెల్లచొక్కాపై పడినచో 245 కాస్త 248 అగును. ఆ భేదము కంటికి ఆనదు. నల్లముద్ర వేసినచో 245 సుమారు 172కు దిగి స్పష్టపడును. కావున తెలుపు నొకటి, నలుపు నొకటి రెండు ముద్రలు ఉంచుకొంటిమి.

విద్యార్థులు రెండు సంగతులు మరువరాదు. ముద్రవేయుటకు ముందు అసలు చిత్రమును వేరుగా దాచుకొనవలెను. ఒకసారి వేసి భద్రపరచిన ముద్రను మరల వలిచివేయుట సులభము కాదు. రెండవది, ముద్ర తాళము కాదు. మూలను కత్తిరించువారు కత్తిరింతురు. చిత్రముపై హక్కు ముద్రవలన పుట్టునదియు కాదు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము చిత్రము తీసినంతనే ఆ హక్కు కలుగును. ముద్ర చేయు పని యొక్కటే: ఇది ఎచ్చటిదో చెప్పుట.

కొందరు తలిదండ్రులు ముద్రను చిత్రము నడుమ పెద్దగా వేయుమనిరి. అట్లు వేసినచో దానిని తొలగించుట కష్టమన్నది నిజమే. కాని పిల్లల ముఖములు కప్పబడును. మేము మూలలోనే వేసితిమి. మూడు భాషల నడుమ బ్రదుకు మనకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. పొరుగువాని మాటను కప్పకుండ మన మాటను నిలుపుకొనుట ఈ వీథులలో పెద్దలు నేర్పిన మర్యాదయే. ఈ యేటి పదవ తరగతి సమష్టి చిత్రము సిద్ధమైనది. ముందు పిల్లల ముఖములు చూడుడు. పిమ్మట కుడివైపు దిగువ మూలను చూడుడు. ‘ఠ’లో చుక్క ఉన్నది.