షానన్ తీరాన రెండు రాతి వాకిళ్ళు

ఐర్లండ్‌లోని గాల్వే కౌంటీ తూర్పు అంచున, షానన్ నదికి దగ్గరగా క్లోన్‌ఫర్ట్ ఉంటుంది. బాలినస్లో పట్నం నుంచి కారులో వెళ్ళాం. దారికి అటూ ఇటూ పచ్చిక బీళ్ళు, మధ్య మధ్య పీట్ తవ్వేసిన నల్లటి చిత్తడి నేలలు. ఊరంటూ పెద్దగా ఏమీ లేదు. చెట్ల మధ్య సమాధులు, వాటి నడుమ బూడిదరంగు చర్చి. పేరుకు కెథీడ్రల్ గానీ చూడటానికి చిన్నది. దాని పడమటి గోడకున్న వాకిలిని చూడటానికే అంత దూరం వెళ్ళాం.

సముద్రయానాల కథలతో ప్రసిద్ధుడైన సెయింట్ బ్రెండన్ ఆరో శతాబ్దంలో ఇక్కడ మఠం స్థాపించాడు. ఈ వాకిలి మాత్రం 1180 ప్రాంతపుది. గుండ్రటి కమానులు, మందపాటి గోడలు, వాటి మీద విరివిగా చెక్కడాలు ఉండే ఈ నిర్మాణ పద్ధతిని రొమనెస్క్ అంటారు. యూరప్‌లో పదకొండు, పన్నెండు శతాబ్దాల్లో బాగా వ్యాపించింది. ఐర్లండ్‌లో దీనికి ఊపునిచ్చిన కట్టడం కాషెల్ గుట్ట మీద మన్‌స్టర్ రాజు కార్మక్ మెక్కార్తీ కట్టించిన ప్రార్థనాలయం. 1127లో పని మొదలై 1134లో ప్రతిష్ఠ జరిగింది. ఐరిష్ శిల్పులు ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నారు గానీ, దాని కోసం చర్చిల సైజు పెంచలేదు. తాతల నాటి చిన్న చర్చినే కట్టుకుని, పనితనమంతా వాకిలి మీదా, పూజాపీఠం ముందుండే కమాను మీదా చూపించారు. రాజైనా రైతైనా ఆ గడప దాటే లోపలికి పోవాలి కదా!

క్లోన్‌ఫర్ట్ వాకిలి నిలువు కంబాలు పైకి వెళ్ళేకొద్దీ కాస్త లోపలికి వాలతాయి. పాత ఐరిష్ రాతి చర్చిల అలవాటది. వాటి మీద ఒకదాని లోపల ఒకటిగా కమానులు గోడ మందంలోకి దిగుతాయి. ఏ వరస నగిషీ ఆ వరసదే. ఒకచోట ఆకులు, ఒకచోట జంతువుల తలలు, ఇంకోచోట వంకీల గీతలు. స్తంభాల్లో కూడా నున్నగా వదిలేసిన చోటు దాదాపు లేదు.

కమాను పైన కోసుగా లేచిన ముక్కోణం దగ్గర నా చూపు ఆగిపోయింది. అడుగు వరసలో చిన్న చిన్న కమానులు, వాటి కింద మనిషి తలలు. ఆ పైనంతా ముక్కోణపు గళ్ళు. ఒక గడిలో ఆకుల నగిషీ ఉంటే పక్క గడిలో తల. కొందరికి గడ్డాలున్నాయి, కొందరికి లేవు. కొన్ని ముఖాలు ఇప్పటికీ స్పష్టంగా తెలుస్తున్నాయి. కొన్నిట్లో ముక్కూ నోరూ కలిసిపోయాయి.

ఇది గోధుమరంగు ఇసుకరాయి. ఉలికి సులువుగా లొంగుతుంది కాబట్టే ఇంత సన్నని పని సాధ్యమైంది. వానకు అరిగిపోతున్నదీ ఆ మెత్తదనం వల్లే. అన్నిటికన్నా లోపలి వరసను పదిహేనో శతాబ్దంలో సున్నపురాయితో చేర్చారు. దాని రంగు వేరు, చెక్కిన తీరు వేరు. రెండు రాళ్ళూ కలిసేచోట నిలబడితే ఏది వానకు తట్టుకుంటుందో కళ్ళకే తెలుస్తుంది. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 2000 సంవత్సరపు జాబితాలో, ప్రమాదంలో ఉన్న కట్టడాల సరసన ఈ చర్చిని చేర్చింది. ఎనిమిది వందల ఏళ్ళు నిలిచింది కదా, ఇక ఢోకా లేదనుకోవడానికి వీల్లేదు. చెక్కడాలు పైపొరలోనే ఉంటాయి. ఆ పొర ఊడితే గోడ మిగులుతుంది, శిల్పం మిగలదు.

లోపల పూజాపీఠం ముందరి కమాను మీద దువ్వెన, అద్దం పట్టుకున్న జలకన్య బొమ్మ ఉంది. దాన్నీ చూసుకుని షానన్‌బ్రిడ్జ్ దగ్గర పదహారు కమానుల పాత వంతెన మీదుగా నది దాటి క్లోన్‌మక్‌నోయిస్ చేరాం. ఆరో శతాబ్దంలో సెయింట్ కియరన్ స్థాపించిన మహా మఠం ఇది. ఎత్తైన రాతి శిలువల దగ్గర, గుండ్రటి బురుజు దగ్గర జనం బాగానే ఉన్నారు. మేం సమాధుల మధ్య నుంచి తూర్పు వైపు కాలిదారి పట్టాం. కాస్త నడిస్తే పొలాల నడుమ పైకప్పు లేని చిన్న చర్చి. దాన్ని నన్స్ చర్చ్ అంటారు, సన్యాసినుల చర్చి.

ఇక్కడ జనం లేరు, రాతిని తీరిగ్గా చూసుకోవచ్చు. వాకిలి కమానులో ఒక వరసంతా జంతువుల తలలే. అవన్నీ కమాను పొడవునా సాగే గుండ్రటి రాతి కమ్మీని పళ్ళతో కరిచి పట్టుకున్నాయి. లోపలి కమాను మీద వంకీల మీద వంకీలు, వాటి సందుల్లో చిన్న చిన్న రూపాలు. ఇవి ఒకప్పుడు కూలిపోతే 1860లలో కిల్‌కెన్నీ పురావస్తు సంఘం రాళ్ళు ఏరి మళ్ళీ నిలబెట్టింది. వాళ్ళు ఆ శ్రమ పడకపోతే ఈ పాటికి ఏ పొలం గట్టులోనో కలిసిపోయేవి.

ఈ చర్చిని 1167లో పూర్తి చేయించింది డెర్వోర్గిల్లా. మీత్ రాజు కూతురు, బ్రెఫ్నీ రాజు టియర్నన్ ఓ రూర్క్ భార్య. 1152లో లెన్‌స్టర్ రాజు డెర్మట్ మక్మరో ఆమెను ఎత్తుకుపోయాడు. ఆ పగ రగులుతూనే ఉంది. 1166లో రాజ్యం పోగొట్టుకున్న డెర్మట్ ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ సాయం కోరడం, 1169లో నార్మన్ సేనలు ఐర్లండ్‌లో దిగడం అక్కడ అందరికీ తెలిసిన చరిత్ర. ఆ కథ చెప్పినప్పుడల్లా తప్పంతా ఆ ఇల్లాలి మీదికి నెట్టినవాళ్ళు ఎందరో. ఇద్దరు రాజుల అధికార పోరుకు ఆమెను కారణంగా చూపడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఆమె మెలిఫాంట్ మఠానికి 1157లో అరవై ఔన్సుల బంగారం ఇచ్చింది, 1193లో అక్కడే కన్నుమూసింది. తన పూనికతో చేయించిన పని మాత్రం ఇదిగో, ఇక్కడ కళ్ళెదుటే ఉంది. ఆమె పేరు చెప్పినప్పుడు ముందు గుర్తు రావలసింది ఇదే.

క్లోన్‌మక్‌నోయిస్ వెళ్ళేవాళ్ళలో చాలామంది శిలువలు చూసి వెనక్కి తిరుగుతారు. మీరు వెళ్తే నన్స్ చర్చ్ కోసం ఇంకో గంట చేతిలో ఉంచుకోండి. వాకిలి పడమటి ముఖం కాబట్టి మధ్యాహ్నం దాటాక వెళ్తే, ఎండ పడి చెక్కడాలు లోతుగా కనిపిస్తాయి. రాతిని మాత్రం తాకకండి. మన తర్వాత వచ్చేవాళ్ళకూ అది మిగలాలి.